సణుగుటయా, మొరపెట్టుటయా?



మన సీమలో రోడ్డు దాటనిదే ఆరాధనకు పోలేని సంఘములు అనేకము కలవు. ఊరు ఒక ప్రక్క, మన పేట ఒక ప్రక్క, నడుమ నాలుగు వరుసల రహదారి. కర్నూలు నుండి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు పోవు మార్గమున అట్టి పల్లెలు ఎన్నియో మీరెరుగుదురు. సాయంకాలపు కూడిక ముగిసిన తరువాత చంకన బిడ్డతో, చేత వేదపుస్తకముతో రోడ్డు అంచున నిలిచి, లారీల దీపముల నడుమ సందు కొరకు కనిపెట్టుకొనియుండు తల్లులను మీరు చూచియేయుందురు. పట్టణ సంఘముల వారికి ఈ కష్టము వేరొక రూపమున వచ్చును. వారికి ఫుట్‌పాత్ ఉన్నది గాని దానిమీద నడచుటకు చోటు లేదు. మురుగు కాలువ ఉన్నది గాని దానిమీద బండ లేదు.

ఈ చోట దీపము కావలెననియు, ఆ చోట బండ పగిలినదనియు అధికారుల యొద్దకు పోయి అడుగుట భక్తిగలవారు చేయదగిన పనియేనా? ఇది ఈ నెల మీ యెదుట ఉంచు ప్రశ్న. అది రాజకీయమనియు, అది సణుగుట యనియు, ఉన్నదానితో తృప్తిపడి ప్రార్థనలో నిలుచుట మేలనియు చెప్పువారు మనలో కలరు. వారు సోమరులు కారు. కరవు సంవత్సరములలో గంజి త్రాగి బిడ్డలను పెంచిన పెద్దలలోనే ఈ మాట ఎక్కువగా వినబడును. ఓర్పు అనగా ఏమో వారికి మనకంటె బాగుగా తెలియును. కావున వారి మాటను తేలికగా త్రోసివేయరాదు, విచారింపవలెను.

మొదట మరణముల సంగతి. 2021 ఫిబ్రవరి 14వ తేదీన, ఇంకను తెల్లవారకముందే, వెల్దుర్తి దగ్గర 44వ నంబరు జాతీయ రహదారిపై మదనపల్లె నుండి అజ్మీరుకు పోవుచున్న యాత్రికుల బండి ఒకటి లారీని ఢీకొని 14 మంది చనిపోయిరి. 2025 అక్టోబరు 24వ తేదీన, అదే రహదారిపై, కర్నూలు సమీపమున చిన్నటేకూరు వద్ద, రోడ్డుమీద పడియున్న మోటారు సైకిలు ఒకటి హైదరాబాదు నుండి బెంగుళూరుకు పోవు బస్సు క్రింద చిక్కెను. మంటలు లేచి బస్సులోని 19 మంది కాలిపోయిరి. ఇట్టి వార్తలు విని మనమందరము కన్నీరు విడిచితిమి, ప్రార్థించితిమి. అయితే ఈ రెండు రాత్రుల నడుమ ఒక్కొక్కరుగా, ఒక్కొక్క క్రాసురోడ్డు వద్ద పోయినవారి పేరు ఏ పత్రికలోను పెద్ద అక్షరములతో పడలేదు. 2022వ సంవత్సరమున మన దేశములో రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరని కేంద్ర ప్రభుత్వమే ప్రకటించినది. వారిలో 32,825 మంది కాలినడకను పోవువారు. లెక్కించి చూడుడి: దినమునకు దాదాపు 90 మంది. వారు ఏ బండిని నడిపినవారు కారు, ఎవరిని తొందరపెట్టినవారు కారు.

శవమును ఇంటికి తెచ్చినప్పుడు మనమేమందుము? "ఆయన కాలము తీరినది" అందుము. "దేవుని చిత్తము" అందుము. దుఃఖములో నున్నవారిని ఆదరించుటకు పలికిన మాటకు నేను తప్పు పట్టను. కాని అదే మాట పంచాయతీ ఆఫీసులోను, ఇంజినీరు బల్లయొద్దను పలుకబడినప్పుడు దాని రుచి మారిపోవును. మొన్నటి వానకు కూలిన కల్వర్టు గోడను కట్టించకుండ వదలినవాడు దేవుని చిత్తమును తన చేతికి అడ్డముగా పెట్టుకొనుచున్నాడు. సిలోయములో గోపురము పడి 18 మంది చచ్చినప్పుడు వారు తక్కినవారికంటె పాపులని తలంపవద్దని ప్రభువు చెప్పిన సంగతి మీకు తెలియును. చచ్చినవారి తలమీద నింద మోపకుడని ఆయన హెచ్చరించెను. గోపురమును ఎవరు కట్టిరో, దాని పునాది ఎట్లున్నదో అడుగవద్దని ఆయన చెప్పలేదు.

మోషే ధర్మశాస్త్రమును కొంచెము నిదానముగా చదువుదము. దానిలో ఒకడు గుంత త్రవ్వి మూయక విడిచినయెడల, దానిలో పడిన ఎద్దునకు గాని గాడిదకు గాని ఆ గుంత యజమానుడే నష్టము చెల్లించవలెనని యున్నది. ఎద్దు చూచుకొని నడువవలసినదని ఆ శాస్త్రము చెప్పలేదు. క్రొత్త ఇల్లు కట్టువాడు మిద్దె చుట్టు పిట్టగోడ కట్టవలెనని మరియొక చోట నున్నది. ఎవడైనను పడి చచ్చినయెడల ఆ రక్తదోషము ఇంటిమీదికి వచ్చునట. మట్టి మిద్దెల సీమలో బ్రదికిన మనకు ఈ ఆజ్ఞ కోస్తా వారికంటె బాగుగా అర్థమగును. ఎండకాలపు రాత్రి మిద్దెపైన పడుకొన్న బిడ్డ నిద్రమత్తులో లేచి నడచినయెడల ఏమగునో, మూత వేయని గవాక్షి ఎంత అపాయకరమో మన తల్లులకు ఎవరును చెప్పనక్కరలేదు. పిట్టగోడ కట్టుటను దేవుడు భక్తి సంగతిగానే ఎంచెను. మరి ఊరందరు నడుచు కాలువగట్టుకు పిట్టగోడ లేకపోవుట లోకసంబంధమైన విషయమని మనమెట్లు అందుము?

ఇక్కడ మన రాళ్లను గూర్చి ఒక మాట. ఎర్రగుంట్ల, ముద్దనూరు ప్రాంతపు గనులలోను, అవతల బేతంచెర్ల వైపునను తీసిన నాపబండలు దేశమంతట పోవుచున్నవి. బొంబాయిలో వంటగట్టుకు పరచు నల్లరాతిని అక్కడివారు 'కడప్పా' అనియే పిలుచుదురు. మన జిల్లా పేరే రాతికి పేరైనది. ఎన్నియో పట్టణములలో కాలిబాటలకును కాలువమూతలకును ఆ బండలే. ఆ గనులలో బండ తీయు కూలీలలో మన సంఘస్థులు కూడ కలరు. అట్టి జిల్లాలో, మోకాలి లోతు మురుగు కాలువమీద రెండు మూరల బండ లేక బడికి పోవు పిల్ల కాలు విరుగగొట్టుకొనుట చూచి, ఇది రాతి కొరత వలన జరిగినదని ఎవరు నమ్ముదురు? కొరత రాతిది కాదు, డబ్బుదియు అంతగా కాదు. అడిగినవాడు లేడు, అడిగినను వెంటబడి అడిగినవాడు లేడు.

ఇప్పుడు పెద్దల ఆక్షేపణకు వత్తము. సణుగుట పాపము. ఇశ్రాయేలీయులు అరణ్యములో తమ గుడారములలో కూర్చుండి సణిగిరి, దానికి శిక్షయు పొందిరి. అయితే అదే జనము ఐగుప్తులో వెట్టిచాకిరి క్రింద మూల్గుచు మొరపెట్టినప్పుడు దేవుడు ఆలకించెను. మన తెలుగులో ఈ రెండు మాటలు వేరువేరుగా నుండుట ఊరక కాదు. సణుగువాడు పని చేయగలవానికి వినబడకుండ, పని చేయలేనివానితో చెప్పును. మొరపెట్టువాడు చేయగలవాని యెదుట నిలిచి, ముఖము చూచి చెప్పును. టీ అంగడి బల్లమీద కూర్చుండి మున్సిపాలిటీని తిట్టుట సణుగుట. అదే మాటను కాగితముపై వ్రాసి, పేరు పెట్టి, కమీషనరుగారి చేతికిచ్చి, రసీదు పుచ్చుకొనుట మొర. మనలో పెక్కుమందిమి మొదటిది ప్రతిదినము చేసి రెండవదానిని పాపమని భయపడుచున్నాము!

సెలోపెహాదు కుమార్తెలను జ్ఞాపకము చేసికొనుడి. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అను ఆ ఐదుగురు ఆడపిల్లలకు తండ్రి లేడు, అన్నదమ్ములు లేరు. వారు గుడారములో కూర్చుండి ఏడ్వక, మోషే యెదుటను, యాజకుని యెదుటను, పెద్దలందరి యెదుటను నిలిచి తమ స్వాస్థ్యమును అడిగిరి. వారు పలికినది యుక్తమని దేవుడే తీర్పు చెప్పి, వారి నిమిత్తము జనమంతటికి ఒక కట్టడను నియమించెను. అడిగినవారి పేర్లు ఐదును గ్రంథములో నిలిచినవి.

మన దేశములోనే మరియొక ఉదాహరణము కలదు. మధ్యప్రదేశములోని రత్లాము పట్టణములో ఒక వార్డు నివాసులు, తమ వీధిలో మురుగు కాలువలు లేక మలినము పారుచున్నదని మేజిస్ట్రేటు యొద్ద మొరపెట్టిరి. వారు గొప్పవారు కారు. ఒక వీధివారు, అంతే. మేజిస్ట్రేటు పని చేయించుమని మున్సిపాలిటీని ఆజ్ఞాపించగా, మున్సిపాలిటీవారు పై కోర్టులకు ఎక్కిరి. మా యొద్ద డబ్బు లేదు అనునది వారి జవాబు. తుదకు 1980 జులై 29వ తేదీన సుప్రీంకోర్టులో జస్టిస్ వి. ఆర్. కృష్ణయ్యర్ గారు, డబ్బు లేదను సాకు ప్రజల ఆరోగ్యమును కాపాడు విధినుండి మున్సిపాలిటీని తప్పింపజాలదని తీర్పు చెప్పిరి. ఆ వీధివారు ఉపయోగించిన పాత చట్టపు 133వ సెక్షనే, 2024 జులై 1 నుండి అమలులోనున్న క్రొత్త నాగరిక సురక్షా సంహితలో 152వ సెక్షనుగా ఉన్నది. ప్రజలు నడుచు దారిలోని ఆటంకమును, కంచె లేని గుంతను గూర్చి ఎవరైనను దాని క్రింద మేజిస్ట్రేటును అడుగవచ్చును. ఇంకను 2025 మే 14వ తేదీన అదే న్యాయస్థానము, నడుచువారికి తగిన ఫుట్‌పాత్ ఉండుట రాజ్యాంగపు 21వ అధికరణములోని జీవించు హక్కులో భాగమేనని చెప్పినది. కావున కాలిబాటను అడుగువాడు దయను అడుగుట లేదు.

"అడుగనేల, మనమే గుంత పూడ్చుకొందము" అను మాట కూడ మనలో వినబడును. ఇది మంచి హృదయము నుండి వచ్చు మాట. హైదరాబాదులో కాట్నం గంగాధర తిలక్ గారను విశ్రాంత రైల్వే ఉద్యోగి తన పింఛను డబ్బుతో వందల కొలది గుంతలు పూడ్చిన సంగతి పత్రికలలో చదివియుందురు. అట్టివారిని బట్టి సంతోషింపవలెను. గుంతలో ఈ రాత్రి ఎవరైన పడుదురని తెలిసినప్పుడు అర్జీ వ్రాయుచు కూర్చుండరాదు. రెండు గంపల మన్ను పోయవలెను, ముళ్లకంప అడ్డము పెట్టవలెను. కాని అంతటితో చాలునా? పన్ను తీసికొన్నవాడు తన పని మరచును, మనము మనది కాని పనిని ఏటేట చేయుదుము. మరియు మంచి మనసుతో చేసిన పని కూడ కీడు చేయగలదు. ఒక బిడ్డ చనిపోయిన మరునాడు ఊరివారు కోపముతో రోడ్డుకు అడ్డముగా మట్టియు రాళ్లును పోసి స్పీడు బ్రేకరు వేయుట మనము చూచుచునే యున్నాము. దానికి సున్నపు గీత ఉండదు, ముందు బోర్డు ఉండదు. వారమునాటికి చీకటిలో వచ్చిన మోటారు సైకిలువాడు దానిమీద ఎగిరిపడును. ఆ ప్రాణము ఎవరి లెక్కలో వ్రాయవలెను? స్పీడు బ్రేకరుకు కొలతలు కలవు: వెడల్పు 3.7 మీటర్లు, నడుమ ఎత్తు 10 సెంటీమీటర్లు, గుండ్రని వాలు, పైన రంగు గీతలు, ముందుగా హెచ్చరిక బోర్డు. ఇది ఇంజినీరు పని. ఆయనను పిలిపించుటయే మన పని.

రోడ్డుపై శవముతో కూర్చుండి రాస్తారోకో చేయుటను గూర్చి నేను ఎక్కువ చెప్పను. ఆ తల్లి దుఃఖమునకు తీర్పరిగా నుండుటకు నాకు మనసు రాదు. అయితే సాయంకాలమునకు అధికారి వచ్చి మాట యిచ్చి పోవును, అందరును లేచి పోవుదురు, ఆ మాటను వ్రాసి పెట్టుకొన్నవాడు ఒక్కడును ఉండడు. ఇది మాత్రము మన లోపము.

ఇప్పుడు కష్టమైన చోటికి వచ్చితిమి. అర్జీ పట్టుకొని పోవు చేతులు ఎట్టివి? కొర్రలు, జొన్నలు, ప్రొద్దుతిరుగుడు పూలు తెచ్చి తారురోడ్డుమీద పరచి బండ్లచేత త్రొక్కించుకొనువారము మనమే. కల్లము చేయుటకు చోటు లేదు, ఆ కష్టము నిజమే. కాని గింజలకు కాపుగా చుట్టు పెట్టిన రాళ్లను పంట ఎత్తుకొన్న తరువాత అక్కడనే విడిచిపోవుట ఏ కష్టము వలన? ఆ రాయి ఆ రాత్రి ఒకని ముందు చక్రము క్రిందికి వచ్చును. ఇంటి మెట్లను మూడడుగులు ముందుకు జరిపి వీధిని ఇరుకు చేసినవారిలోను, గుడి అరుగును రోడ్డుమీదికి పెంచిన సంఘములలోను మన పేర్లున్నవి. కనుక మనము పరిశుద్ధులమగువరకు నోరు మూసికొనవలెనా? అట్లనిన ఏ పట్టణములోను ఏ గుంతయు పూడదు. మన రాయిని ఈ దినమే తీసివేయుదము, అర్జీని సోమవారమే ఇత్తము. రెండును ఒక వారములో జరుగదగిన పనులే.

అంతకంటె నా మనస్సును బాధించునది మరియొకటి. ఫుట్‌పాత్ ఖాళీ చేయించుడని మనము అడిగినప్పుడు మున్సిపాలిటీ బండి మొదట ఎవరియొద్దకు వచ్చును? ఉగ్గాని, బజ్జి అమ్ముకొను విధవరాలి యొద్దకు. మల్లెపూల గంప పెట్టుకొన్న ముసలమ్మ యొద్దకు. ఆమె మన సంఘములో వెనుక వరుసను కూర్చుండు సహోదరియే కావచ్చును. ఆమె తట్టను లాగివేయుదురు. పెద్ద అంగడివాడు ఫుట్‌పాత్‌మీద వేసిన ఇనుప రేకుల పందిరియు, నిలిపియుంచిన కార్లును అట్లే యుండును. మన మొర వలన బీదది రొట్టె పోగొట్టుకొనినయెడల అది ఎట్టి మొర? 2014వ సంవత్సరపు వీధి వ్యాపారుల చట్టము దీనికి త్రోవ చూపినది. పట్టణమునకు ఒక వ్యాపార కమిటీ ఉండవలెను. అందులో నూటికి 40 మందికి తక్కువ కాకుండ వీధి వ్యాపారులే ఉండవలెను, వారిలో మూడవవంతు స్త్రీలుండవలెను. సర్వే ముగించి చీటీలు ఇచ్చువరకు ఎవరిని లేవగొట్టరాదు. కావున మన అర్జీలో రెండు వాక్యములు చేర్చవలెను: నడుచువారికి ఇన్ని అడుగులు విడిపించుడి, ఈ వ్యాపారులకు ఫలాని చోటు చూపించుడి. రెండవ వాక్యము లేని అర్జీమీద సంతకము చేయుటకు నేను సంకోచింతును. చేయుమని మిమ్మును అడుగను కూడ అడుగను.

అర్జీ ఎవరికి ఇయ్యవలెనో తెలియక చచ్చిన అర్జీలు వేలకొలది. ఊరిలోపలి వీధి పంచాయతీది. ఊరినుండి ఊరికి పోవు రోడ్డు కొన్ని చోట్ల పంచాయతీ రాజ్ శాఖది, కొన్ని చోట్ల రోడ్లు భవనముల శాఖది. నంబరు గల జాతీయ రహదారి కేంద్రపు సంస్థ చేతిలోనుండును. దానిమీది అపాయమును 1033కు ఫోను చేసి చెప్పవచ్చును. కర్నూలుకు 1866లోను కడపకు 1868లోను మున్సిపాలిటీలు ఏర్పడి, ఇప్పుడు రెండును కార్పొరేషనులైనవి. అక్కడి వీధులు వారివి. ఎవరిదో తెలియకున్న కలెక్టరు కచ్చేరిలో సోమవారము జరుగు ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇయ్యవలెను, ఏలయనగా జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి అధ్యక్షుడు కలెక్టరే. నంబరు వేసిన రసీదు లేక తిరిగి రాకుడి. జవాబు రానిచో సమాచార హక్కు చట్టము క్రింద అడిగినయెడల 30 దినములలో చెప్పవలసియుండును.

దారిలో గాయపడినవానిని ఎత్తుటకు పోలీసులకు జడియువారికి కూడ ఒక మాట: 2016లో సుప్రీంకోర్టు ఆమోదించిన నియమములును, 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టమును అట్టి సమరయునికి కాపుదలగా నున్నవి. పేరు చెప్పుమని అతనిని బలవంతము చేయరాదు.

అధికారిని అడుగుట మన సీమకు క్రొత్తది కాదు. 1800 నుండి 1807 వరకు దత్తమండలములకు కలెక్టరుగా నున్న మన్రో దొర ఊరూర డేరా వేసికొని రైతుల మొరలను వినెను. ఆయన 1827లో పత్తికొండలో కలరాచేత మరణించినప్పుడు జనులు ఆయనను తమవానిగా ఎంచి దుఃఖించిరని చెప్పుదురు. అడిగినవారును, చెవియొగ్గినవాడును ఉండినప్పుడు ఇది సాధ్యమాయెను.

ఆలస్యమగును, దానికి సిద్ధపడవలెను. హాలెండు దేశములో 1971లో 3,000 మందికి పైగా రోడ్లపై చనిపోయిరి. వారిలో 400 మందికి పైగా పిల్లలు. తన కుమార్తెను పోగొట్టుకొన్న ఒక పత్రికా విలేఖరి 1972లో దానిని గూర్చి వ్రాసెను. తల్లిదండ్రులు కూడుకొని, పిల్లలను చంపుట ఆపుడని ప్రభుత్వమును సంవత్సరముల తరబడి అడిగిరి. బండ్లు మెల్లగా పోవలసిన వీధులును, సైకిళ్లకు వేరు బాటలును ఒక్కొక్కటిగా వచ్చెను. ఇప్పుడు ఆ దేశములో బండ్లు అప్పటికంటె బహు ఎక్కువ, మరణములు ఏటికి 700 దరిదాపు. వారి దేశము ధనము గలది, మనది కాదు, ఒప్పుకొందును. కాని పిల్ల నడుచుటకు నాలుగడుగుల చోటు విడుచుటకు ఎంత ధనము కావలెను?

మంచి చేతివ్రాత గల ఉపాధ్యాయుడు ప్రతి సంఘములోను ఉండును. ఆయన అర్జీ అందముగా వ్రాయును గాని గుంత ఎక్కడున్నదో ఆయనకంటె పాలు పోయు అవ్వకును, బడిపిల్లలకును, రాత్రి నీళ్ల వంతుకు పోవు రైతుకును బాగుగా తెలియును. వారిని కూర్చుండబెట్టి, వారు చెప్పుచుండగా ఆయన వ్రాయవలెను: ఏ స్తంభము ప్రక్కన, ఎన్ని అడుగులు, ఏ వేళ బండ్లు ఎక్కువ, ఎవరు పడిరి, ఏ నెలలో. క్రింద సంతకముల చోట వేలిముద్రలకు కూడ కొంత స్థలము విడువుడి.